చుక్కల గీతలు

కాంతి పాఠం అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేవి గుండుసూదులు.

డ్రాయింగ్ బోర్డు మీద తెల్ల కాగితం పరిచి, అడ్డంగా ఒక పెన్సిల్ గీత గీసి, ఆ గీత మీద సన్నటి అద్దం ముక్కను నిలబెట్టేవాళ్లం. అద్దం ముందు ఏటవాలుగా ఇంకో గీత, దాని మీద రెండు సూదులు. ఆ తర్వాతే అసలు పని. తల బల్ల ఎత్తుకు దించి, ఒక కన్ను మూసి, అద్దంలో ఆ రెండు సూదుల ప్రతిబింబాలూ ఒకదాని వెనక ఒకటి దాక్కునే చోటు వెతకాలి. ఆ చోటు దొరికాక, అదే వరుసలో ఇవతల మరో రెండు సూదులు గుచ్చాలి. నాలుగూ కలిసి ఒకటే సూదిగా కనిపించిన క్షణంలో ఎంత సంతోషం వేసేదో! క్లాసంతా ఊపిరి బిగబట్టి బల్లల మీదికి వంగి ఉండేది. ఎప్పుడూ అల్లరి చేసేవాళ్లు కూడా ఆ పీరియడ్‌లో ఆ సంగతే మరిచిపోయేవాళ్లు.

"సూది తల చూడకండి, మొదలు చూడండి" అంటూ మాస్టారు బల్లల మధ్య తిరిగేవారు. చేత్తో గుచ్చిన సూది ఎప్పుడూ కాస్త అటో ఇటో వాలి ఉంటుంది. తలలు వరుసలో ఉన్నంత మాత్రాన మొదళ్లు వరుసలో ఉండవు. కాగితం మీద గుర్తు పడేది మొదలు దగ్గరే కదా. సూదులు పీకేశాక ఆ బెజ్జాల చుట్టూ చిన్న సున్నాలు చుట్టి, స్కేలు పెట్టి కలిపి, కోణమానినితో కొలిచేవాళ్లం. అద్దానికి నిట్టనిలువుగా గీసిన గీతతో (లంబంతో) వచ్చే కిరణం చేసే పతన కోణం 40 డిగ్రీలు పెట్టుకుంటే, తిరిగి వెళ్లే కిరణం చేసే పరావర్తన కోణమూ 40 వచ్చేది. 30 పెట్టుకుంటే 30. పుస్తకంలో ఆ నియమం ఒకే ఒక్క వాక్యం. మన చేత్తో గుచ్చిన బెజ్జాల్లోంచి ఆ వాక్యం బయటికి వస్తే ఇక జన్మలో మరిచిపోం.

ఆయన చెప్పిన ఇంకో జాగ్రత్త కూడా నాకు చాలా ఇష్టం. గీత మీద అద్దం ముందు అంచు ఉండాలా, వెనక అంచు ఉండాలా? వెనక అంచే ఉండాలి. మామూలు అద్దంలో కాంతిని వెనక్కి పంపేది ముఖ్యంగా గాజు వెనకున్న పూత. గాజు ముందు ముఖం కూడా కొంత కాంతిని తిప్పి పంపుతుంది గానీ అది చాలా తక్కువ. మందపాటి అద్దాన్ని బాగా ఏటవాలుగా చూస్తే అసలు ప్రతిబింబం పక్కనే వెలిసిపోయిన రెండో ప్రతిబింబం ఒకటి కనిపిస్తుంది, అది ఆ ముందు ముఖం పనే. రోజూ చూసుకునే అద్దానికి రెండు ముఖాలున్నాయని అప్పటిదాకా మాలో ఎవరికీ తోచలేదు.

తర్వాతి క్లాసులో ఆయన పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టారు.

"అద్దం వెనక ఏముందిరా?"

"గోడ సార్."

"మరి సూది బొమ్మ ఎక్కడుంది?"

"అద్దంలో సార్."

"అద్దం మందం ఎంత? అందులో పడుతుందా సూది బొమ్మ?"

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అద్దం ముందు ఒకే ఒక్క సూది గుచ్చించారు. దాని ప్రతిబింబాన్ని ఎడమ వైపు నుంచి ఒకసారి, కుడి వైపు నుంచి ఒకసారి చూసి, రెండు వైపులా సూదులతో వరుస గుర్తు పెట్టమన్నారు. అద్దం తీసేశాక ఆ రెండు వరుసలనూ అద్దం గీత దాటించి వెనక్కి పొడిగించమన్నారు. "ఇక్కడి నుంచి గట్టి గీత వద్దు, చుక్కలు పెట్టండి" అన్నారు. చుక్కలు పెట్టుకుంటూ పోతే రెండు గీతలూ ఒకచోట కలిశాయి. కొలిస్తే, సూది అద్దానికి 6 సెంటీమీటర్ల ముందుంటే ఆ చోటు సరిగ్గా 6 సెంటీమీటర్ల వెనక ఉంది.

కాంతి నిజంగా నడిచిన దారికి గట్టి గీత గీసి బాణం గుర్తు పెట్టాలి. కాంతి అసలు నడవని, నడిచిందని కన్ను అనుకునే దారికి చుక్కల గీత గీయాలి. అద్దం వెనకకు ఒక్క కాంతి కిరణం కూడా పోదు. అయినా బొమ్మ అక్కడే కనిపిస్తుంది. కిరణం మధ్యలో ఎక్కడ మలుపు తిరిగిందో కన్నుకు తెలియదు. ఆఖరున ఏ దిక్కు నుంచి వచ్చి కంట్లో పడిందో, ఆ దిక్కులోనే తిన్నగా వస్తువు ఉందని అనుకుంటుంది. మేం పెన్సిల్‌తో చుక్కలు పెట్టడమంటే, కన్ను ఎప్పుడూ చేసే పనినే కాగితం మీద చేయడం. బడిలో నేర్చుకున్న పాఠాలన్నిటిలో ఇంత చిన్న గుర్తులో ఇంత పెద్ద సంగతి ఇమిడి ఉన్నది ఇంకొకటి లేదని ఇప్పటికీ నా నమ్మకం.

చూపు అంటే కంటిలోంచి ఏదో బయటికి వెళ్లి వస్తువును తాకడమని పూర్వం చాలామంది పండితులు నమ్మారు. దాదాపు వెయ్యేళ్ల కిందట కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైథమ్ ఆ మాటను కాదన్నాడు. వస్తువుల నుంచి వచ్చే కాంతే కంట్లోకి చేరుతుందని వాదించాడు. మితిమీరిన వెలుగును చూస్తే కన్ను నొప్పి పుడుతుంది కదా, బయటి నుంచి ఏదీ లోపలికి రాకపోతే ఆ నొప్పి ఎందుకని ఆయన ప్రశ్న. ఇలాంటి మామూలు అనుభవం నుంచే ఆయన అంత పెద్ద వాదన తీయడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం) చేతికొచ్చిన రోజు మాత్రం చుక్కల గీతలు కాసేపు పక్కకు పోయాయి. కిటికీ వైపు దర్పణం తిప్పి పట్టుకుని, దాని ముందు కొంచెం పక్కగా చిన్న తెల్ల కాగితం ముక్కను అటూ ఇటూ జరపమన్నారు. ముందు ఏదో మసక వెలుగు. ఒకచోటికి వచ్చేసరికి ఆ మసక విడిపోయి, కిటికీ చట్రం, దాని అవతలి చెట్టు, ఆ వెనక ఆకాశం అన్నీ తలకిందులుగా కాగితం మీదికి దిగాయి. రంగులతో సహా! గాలికి చెట్టు ఊగితే కాగితం మీది కొమ్మలూ ఊగాయి. "నాకు, నాకు" అంటూ అందరం ఎగబడ్డాం. వేలెడు కాగితం ముక్క మీద బయటి లోకం కదలడం చూసి ఎంతసేపు అలా నిలబడిపోయామో చెప్పలేను.

ఆ బొమ్మకు గట్టి గీతలే గీయాలి, ఎందుకంటే అక్కడికి కాంతి నిజంగా వస్తుంది. అందుకే అది నిజ ప్రతిబింబం. కాగితం తీసేసినా అది ఎక్కడికీ పోదు. తగినంత వెనక్కి జరిగి దర్పణం వైపు చూస్తే గాలిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. దూరపు వస్తువు బొమ్మ స్పష్టంగా పడినప్పుడు కాగితానికీ దర్పణానికీ మధ్య దూరమే దాని నాభ్యంతరమని మాస్టారు స్కేలు పెట్టి చూపించారు. ఎండలో అదే చోట కాగితం నల్లబడి పొగ వచ్చింది. ఆ ప్రయోగం ఆయన తన చేత్తోనే చేశారు. దర్పణంలోంచైనా కటకంలోంచైనా సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదని మాతో మళ్లీ మళ్లీ చెప్పించారు.

తర్వాత వచ్చింది, బొమ్మ ఎక్కడ ఎలా పడుతుందో చెప్పే పట్టిక. దూరపు కాంతి కలిసే చోటు నాభి, దర్పణం ఏ గోళంలో ముక్కో ఆ గోళం మధ్య బిందువు వక్రతా కేంద్రం, దర్పణం నడిమి బిందువు ధ్రువం. వస్తువు అనంత దూరంలో ఉంటే, వక్రతా కేంద్రానికి ఆవల ఉంటే, దాని మీదే ఉంటే, నాభికీ కేంద్రానికీ మధ్య ఉంటే, నాభి వద్ద ఉంటే, నాభికీ ధ్రువానికీ మధ్య ఉంటే... ఆరు వరుసలు. చాలామంది దీన్ని బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. కానీ దర్పణం చేతిలో పెట్టకుండా ఆ పట్టిక నేర్పడం అన్యాయమని నా అభిప్రాయం. పుటాకార దర్పణాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే ముఖం నిటారుగా, పెద్దదిగా కనిపిస్తుంది. మెల్లగా దూరం జరుపుతూ పోతే ఇంకా పెద్దదై, నాభి దగ్గరికి వచ్చేసరికి ఏమీ తెలియకుండా చెదిరిపోతుంది. ఇంకా జరిపి వక్రతా కేంద్రం కూడా బాగా దాటాక మళ్లీ కుదుటపడుతుంది, కాకపోతే ఈసారి తలకిందులుగా, చిన్నదిగా. ఒక్క చేతి కదలికలో పట్టికంతా అయిపోతుంది. మా మాస్టారు ముందు దర్పణం ఇచ్చి, ఆ తర్వాత పట్టిక రాయించారు. అందుకే నాకు అది ఎన్నడూ బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

సూత్రాలంటే, సంజ్ఞా సంప్రదాయమంటే అందరికీ టెన్షనే. ఎక్కడ మైనస్, ఎక్కడ ప్లస్ అని తలలు పట్టుకునేవాళ్లం. కొవ్వొత్తి, దర్పణాన్ని నిలబెట్టే వి-స్టాండు, తెర పెట్టి కొలిచినప్పుడే అందులోని అందం తెలిసింది. 20 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న దర్పణం ముందు 30 సెంటీమీటర్ల దూరంలో కొవ్వొత్తి పెడితే తెర మీద బొమ్మ 60 దగ్గర పడుతుంది. కొవ్వొత్తిని 60 దగ్గరికి తీసుకుపోతే బొమ్మ 30 దగ్గరికి వస్తుంది. కాంతి ఏ దారిన వెళ్లిందో అదే దారిన వెనక్కి రాగలదని ఆ రెండు అంకెలు చోటు మార్చుకోవడంలోనే కనిపిస్తుంది.

వక్రీభవనానికి, అంటే కాంతి వంగడానికి, వచ్చేసరికి మళ్లీ సూదులు, ఈసారి గాజు దిమ్మెతో. కిరణం గాజులోకి పోయేటప్పుడు లంబం వైపు వంగి, బయటికి వచ్చేటప్పుడు లంబానికి దూరంగా వంగి, చివరికి మొదటి దిశకు సమాంతరంగానే, కాస్త పక్కకు జరిగి వెళ్తుంది. బొమ్మ గీశాక ఆ రెండు సమాంతర గీతల్ని చూస్తూ ఉండాలనిపించేది.

అయితే అందరికీ బాగా నచ్చింది నాణెం. గిన్నె అడుగున నాణెం పెట్టి, అంచు అడ్డొచ్చి అది కనిపించకుండా పోయేదాకా వెనక్కి జరగమన్నారు. ఎవరూ కదలకుండా ఉండగా ఒకరు మెల్లగా నీళ్లు పోశారు. నాణెం తనంతట తాను పైకి లేచి కనిపించింది! నాణెం కదల్లేదు, మేమూ కదల్లేదు. నీళ్లలోంచి గాలిలోకి వస్తూ కాంతి వంగింది, కన్ను ఎప్పటిలాగే చుక్కల గీత తిన్నగా గీసుకుంది. నీటి వక్రీభవన గుణకం (గాలిలో కాంతి వేగం నీటిలోని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.33 కాబట్టి పై నుంచి చూస్తే అడుగు అసలు లోతులో దాదాపు ముప్పావు వంతు లోతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. లోతు తెలియని నీళ్లలోకి దిగేవాళ్లు ఈ ఒక్క సంగతైనా తెలుసుకుని ఉండాలి.

ఉదయం సూర్యుడు కనిపించేదీ ఇలాగే. వాతావరణంలో కాంతి వంగడం వల్ల సూర్యుడు క్షితిజం దాటి పైకి రావడానికి దాదాపు రెండు నిమిషాల ముందే మనకు కనిపిస్తాడు. సాయంత్రం అస్తమించాక కూడా ఇంచుమించు అంతసేపు కనిపిస్తాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా ఆ కాంతి సూర్యుణ్ణి వదిలి బయల్దేరి అప్పటికే 8 నిమిషాల 20 సెకన్లు దాటి ఉంటుంది.

కాంతి అసలు వంగడం ఎందుకని మాలో ఒకమ్మాయి అడిగింది. గాజులో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు, శూన్యంలో దాదాపు 3 లక్షలు. వేగం మారితే దిశ ఎందుకు మారాలన్నది ఆమె ప్రశ్న. మాస్టారు కాసేపు ఆగి, బోర్డు మీద ఒక ఒడ్డు, నీళ్లలో మునిగిపోతున్న ఒక మనిషి బొమ్మ గీశారు. కాపాడేవాడు ఒడ్డున వేగంగా పరుగెత్తగలడు, నీళ్లలో అంత వేగంగా ఈదలేడు. తిన్నగా పోతే ఈత ఎక్కువవుతుంది. ఒడ్డు మీద కొంచెం ఎక్కువ దూరం పరుగెత్తి, ఈత తగ్గించుకుంటే తొందరగా చేరతాడు. కాంతి దారి కూడా అలాగే ఉంటుందని, ఈ సంగతి 17వ శతాబ్దంలోనే ఫెర్మా అనే గణితవేత్త చెప్పాడని అన్నారు. ఇది మా సిలబస్‌లో లేదు. పరీక్షలో రాదని తెలిసీ క్లాసంతా నోట్సులో రాసుకుంది.

పట్టకం (మూడు పలకల గాజు దిమ్మె) గురించి ఎంత చెప్పినా తక్కువే. కిటికీలన్నీ మూసి, ఒక్క సన్నటి సందులోంచి వచ్చే ఎండకు పట్టకం అడ్డం పెడితే ఎదుటి గోడ మీద రంగుల పట్టీ పడింది. ఒకరి తర్వాత ఒకరం వెళ్లి ఆ రంగుల్ని అరచేతుల మీద పట్టుకున్నాం. న్యూటన్ 1666 ప్రాంతంలో ఈ ప్రయోగాలు చేశాడనీ, ఆయన గొప్పతనం రంగుల్ని చూడడంతో ఆగకుండా తర్వాతి అడుగు వేయడంలో ఉందనీ మాస్టారు చెప్పారు. పట్టీలోంచి ఒక్క రంగును మాత్రమే చిన్న రంధ్రం గుండా రెండో పట్టకం మీదికి పంపాడు. అది వంగింది గానీ రంగు మారలేదు. రంగులు గాజు కలిపినవైతే రెండో గాజు ఇంకేదో రంగు కలపాలి కదా. తెల్లని వెలుగులో అవి ముందే ఉన్నాయన్నమాట.

ఆ తర్వాత వచ్చిన వానకు ఇంద్రధనుస్సు కనబడితే అందరం సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాం. మన తల నీడ పడే దిక్కు నుంచి దాదాపు 42 డిగ్రీల దూరంలో ఉండే చినుకులే మన కంటికి విల్లులోని ఎరుపును పంపుతాయి. పక్కన నిలబడ్డవాళ్లకు ఇంకో చినుకులు. కాబట్టి ఒకరి ఇంద్రధనుస్సును ఇంకొకరు చూడలేరు. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకి వెళ్తే నేల మీది నుంచి చూసేవాళ్లకు ఆకాశంలో విల్లు కనిపించదు. అందుకే అది మిట్టమధ్యాహ్నం కంటే ఉదయం, సాయంత్రం వేళల్లోనే ఎక్కువగా కనబడుతుంది.

సూది రంధ్రం కెమెరా అట్టపెట్టెతో చేసుకున్నాం. అది చేశాక చెట్టు నీడను చూసే తీరే మారిపోయింది. ఆకుల సందులు రకరకాల ఆకారాల్లో ఉంటాయి గానీ, ఎత్తైన చెట్టు కింద నేల మీద పడే వెలుగు మచ్చలు చాలావరకు గుండ్రంగానో కోలగానో ఉంటాయి. ప్రతి చిన్న సందూ ఒక సూది రంధ్రమే, ప్రతి మచ్చా సూర్యుడి ప్రతిబింబమే. పాక్షిక సూర్యగ్రహణం రోజు మాస్టారు మమ్మల్ని చెట్టు కిందికి తీసుకెళ్లారు. నేల మీది మచ్చలన్నీ నెలవంకలై ఉన్నాయి. ఆకాశం వైపు తలెత్తకుండానే గ్రహణం మొత్తం చూశాం.

మా ముందు బెంచీలో ఒక అబ్బాయి ఉండేవాడు, బోర్డుకు అంత దగ్గరగా కూర్చుని కూడా కళ్లు చికిలించేవాడు. చదువు మీద శ్రద్ధ లేదని అందరూ అనేవాళ్లు. కన్ను పాఠం చెప్తూ హ్రస్వదృష్టి బొమ్మ గీసినప్పుడు, దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనాకు (కంటి లోపలి తెరకు) ముందే పడుతుందని చెప్పి, మాస్టారు ఆ అబ్బాయి వైపు చూసి ఆగిపోయారు. తర్వాత కొన్నాళ్లకు వాడు కళ్లద్దాలతో వచ్చాడు. వాటిని అడిగి తీసుకుని మాస్టారు పుస్తకం మీద పట్టుకుని చూపించారు, అక్షరాలు చిన్నవిగా కనిపించాయి. పుటాకార కటకం. కటక సామర్థ్యం (మీటర్లలో నాభ్యంతరానికి విలోమం, దాని కొలమానం డయాప్టర్) మైనస్ 2 డయాప్టర్లంటే నాభ్యంతరం 50 సెంటీమీటర్లని బోర్డు మీద లెక్క కట్టించారు. ఆ లెక్క చేసింది ఆ అబ్బాయే. చెట్టు మీద ఆకులు విడివిడిగా కనిపిస్తాయని తనకు ఇన్నాళ్లూ తెలియదని నాతో అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు కదిలిపోతుంది. బడిలో చెప్పే ఏ పాఠమైనా ఒక మనిషికి ఇంతకంటే ఏం చేయగలదు?

ఆకాశం నీలం గురించి పాఠంలో రాసిందే చదివాం. గాలి అణువులు తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఎక్కువగా పరిక్షేపిస్తాయని, అంటే అన్ని వైపులా చెదరగొడతాయని. సముద్రం నీలం గురించి సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో గమనించిన సంగతి మాత్రం మాస్టారే చెప్పారు. నీటి ఉపరితలం మీద ఆకాశపు ప్రతిబింబాన్ని నికోల్ పట్టకంతో (ఒక దిశలో కంపించే కాంతినే పోనిచ్చే స్ఫటికంతో) అణచివేసి చూస్తే నీలం పోకపోగా ఇంకా చిక్కగా కనిపించింది. అంటే నీళ్లు కూడా కాంతిని పరిక్షేపిస్తున్నాయి. ఆ ఆలోచనే పెరిగి పెరిగి 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న రామన్ ఫలితం దాకా వెళ్లింది.

పెద్దయ్యాక చదివిన వాటిలో మాస్టారికి చెప్పాలని బాగా అనిపించినవి రెండున్నాయి. 1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ, సూర్యుడి చుట్టుపక్కల కనిపించే నక్షత్రాల్ని పశ్చిమాఫ్రికా తీరానికి దగ్గర్లోని ప్రిన్సిపే దీవి నుంచీ, బ్రెజిల్‌లోని సోబ్రాల్ నుంచీ ఫొటోలు తీశారు. నక్షత్రాలు తమ మామూలు చోట్ల నుంచి సూర్యుడికి ఎడంగా కొద్దిగా జరిగి కనిపించాయి. సూర్యుడి పక్కగా వస్తూ కాంతి వంగుతుందనీ, సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే కిరణానికి ఆ వంపు ఒక డిగ్రీలో 3,600వ వంతుకు 1.75 రెట్లనీ ఐన్‌స్టీన్ ముందే లెక్కగట్టాడు. దారి వంగింది, కన్నూ కెమెరా మాత్రం తిన్నగానే వెనక్కి చూశాయి.

రెండోది 1979 నాటిది. ఆకాశంలో పక్కపక్కనే ఉన్న రెండు క్వేజార్లు (చాలా దూరపు గెలాక్సీల నడుమ నక్షత్రాల్లా మెరిసే కేంద్రాలు) నిజానికి ఒకటేనని తేలింది. మధ్యలో ఉన్న ఒక గెలాక్సీ దాని కాంతిని రెండు దారుల్లో వంచి మన దాకా పంపుతోంది. నేను దాని బొమ్మ కాగితం మీద గీసి చూశాను. క్వేజార్ నుంచి గెలాక్సీకి అటూ ఇటూ వంగి వచ్చే రెండు గట్టి గీతలు, మన దగ్గర నుంచి వెనక్కి పోయే రెండు చుక్కల గీతలు. చుక్కల గీతలు రెండూ క్వేజార్ అసలున్న చోటుకు చేరవు. రెండు దారుల పొడవూ ఒకటి కాదు కాబట్టి, క్వేజార్ వెలుగులో ఏదైనా మార్పు వస్తే అది ఒక బొమ్మలో ముందు కనిపిస్తుంది. అదే మార్పు రెండో బొమ్మలో కనిపించడానికి దాదాపు 14 నెలలు పడుతుంది.